కాగితం అడుగుతున్నారు, ఇవ్వడం మానేశారు: కలెక్టర్లకు బహిరంగ లేఖ

హనుమకొండ, వరంగల్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల కలెక్టర్లకు నమస్కారం.

నేను రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి సీనియర్ అసిస్టెంట్‌గా రిటైరయ్యాను. చేరిన రోజుల్లో పహాణీలు, అంటే ఏ భూమి ఎవరి పేరున, ఎవరి అనుభవంలో ఉందో ఏటా రాసే ఊరి రికార్డులు, చేతిరాతవి. దిగిపోయే నాటికి ఫైలు చూడాలంటే లాగిన్, పాస్‌వర్డ్ కావాలి. ఇప్పుడు హనుమకొండలో ఇంటి దగ్గరే ఉంటూ, తెలిసినవాళ్లు వస్తే అర్జీలు రాసిపెడుతుంటాను. డబ్బులు తీసుకోను కాబట్టి తెలియనివాళ్లు కూడా వస్తారు. వాళ్ల చేతిసంచుల్లో ఏముందో, ఏముండాల్సింది లేదో రోజూ చూస్తున్నాను కనుక మీకు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆఫీసులు కాగితాన్ని వదిలేశాయని అంటున్నారు. నాకైతే అలా కనిపించడం లేదు. జనం దగ్గర కాగితం తీసుకోవడం ఒక్క పేజీ కూడా తగ్గలేదు. జనానికి కాగితం ఇవ్వడం మాత్రం దాదాపు ఆగిపోయింది. నా ఫిర్యాదు అంతా దీని మీదే.

ఒక విరాసత్ పని, అంటే వారసుల పేరుకు భూమి మార్చే పని తీసుకోండి. భర్త చనిపోయాడు, భూమి భార్య పేరుకు మారాలి. ఆమె తేవాల్సినవి: మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అందరి ఆధార్ జిరాక్సులు, పాసుబుక్ జిరాక్స్, వారసులందరి సంతకాలతో అంగీకార పత్రం, ఫొటోలు. వీటిలో సగం ప్రభుత్వం ఇచ్చినవే, ప్రభుత్వం కంప్యూటర్లలో ఉన్నవే. అయినా సెట్టు కట్టి తేవాలి, ఒక్కోసారి రెండు సెట్లు. సరే, తెస్తుంది. ఇచ్చాక ఆమె చేతికి ఏమొస్తుంది? ఫోన్‌కు మెసేజ్ వస్తుందంటారు. ఆ ఫోన్ నంబర్ ఎవరిదని అడిగితే, భివండీలో మగ్గం పనిలో ఉన్న కొడుకుది, లేదంటే దరఖాస్తు నింపిన సెంటర్ కుర్రాడిది. ఆమె నా దగ్గరికి వచ్చి చెప్పే మాట ఒకటే: "ఇచ్చిన సారూ, తీసుకున్నరు." ఎవరు తీసుకున్నారు, ఏ తేదీన, ఏ నంబరు మీద అంటే చెప్పలేదు. ఆ నంబరు లేకపోతే నేను రాసే అర్జీ కూడా కొత్త అర్జీయే అవుతుంది. మళ్లీ మొదటి నుంచి.

మా కాలంలో ఆఫీసుకు వచ్చే కాగితాలన్నీ తీసుకునే తప్పాల్ సెక్షన్ అని ఒకటుండేది. ఇప్పుడూ ఉంది, బలం పోయింది. వచ్చిన ప్రతి కాగితం మీద తేదీ ముద్ర, కరెంట్ నంబరు (ఆ కాగితం వరుస నంబరు), సెక్షన్ అక్షరం పడేవి. ఆ నంబరు సంబంధిత గుమస్తా పర్సనల్ రిజిస్టర్‌లోకి ఎక్కేది. నెలకోసారి సూపరింటెండెంట్ ఆ రిజిస్టర్ తిప్పి, తేలని ఫైళ్ల ఎదురుగా గీత గీసి సంజాయిషీ అడిగేవాడు. అర్జీదారు చేతిలో అదే నంబరున్న చిన్న చీటీ ఉండేది. చదువు రానివాళ్లు కూడా దాన్ని పర్సులో మడిచి దాచుకుని, వచ్చినప్పుడల్లా తీసి బల్ల మీద పెట్టేవాళ్లు. వాళ్లు ఏమీ మాట్లాడనక్కర్లేదు. ఆ చీటీ చూడగానే మాకు టెన్షన్ మొదలయ్యేది.

పాత పద్ధతి గొప్పదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. కాగితం చేసిన పాపాలు నాకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియవు. పహాణీ అనుభవదారు కాలమ్‌లో ఒక పేరు మీద వైట్నర్ పూసి ఇంకో పేరు ఎక్కించడం, పాత తేదీ వేసి నోట్ రాయడం, "ఫైలు దొరకడం లేదు" అనే మాటతోనే కొందరు ఇళ్లు కట్టుకోవడం, ఇవన్నీ ఉన్నవే. ఫైళ్లను కంప్యూటర్‌లో నడిపే ఇ-ఆఫీస్ వచ్చాక ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగిందో తెర మీద కనిపిస్తోంది. పాత తేదీ వేయడం కుదరదు. ఒక జిల్లా ఆఫీసు నుంచి హైదరాబాద్‌కు ఫైలు పోవడానికి మనిషి బస్సెక్కనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ శాఖ 1998లోనే కంప్యూటర్లలోకి మారింది కాబట్టి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) కోసం రోజుల తరబడి ఇండెక్స్ పుస్తకాలు తిరగేసే పని పోయింది. ఇవి చిన్న లాభాలు కావు. వీటిని వెనక్కి తిప్పమని ఎవరైనా అడిగితే నేనే అడ్డుపడతాను.

కానీ ఆ లాభాలన్నీ బల్లకు అవతలివైపు ఉన్నాయి. ఫైలు ఎక్కడుందో మీకు తెలుస్తుంది, మీ పై అధికారికి తెలుస్తుంది. అర్జీదారు చూసేది ఒకే ఒక్క ముక్క: 'పెండింగ్' లేదా 'ప్రాసెస్‌లో ఉంది'. ఎవరి దగ్గర, ఏ కారణంతో అన్నది ఉండదు. అది చూసుకోవడానికి కూడా సెంటర్‌కు వెళ్లి ఇరవయ్యో ముప్పయ్యో ఇవ్వాలి.

ఇంతకీ ఆఫీసు లోపల మాత్రం కాగితం పోయిందా? మీ చాంబర్ బయటికి వచ్చి ఏ సెక్షన్‌లోనైనా ఒక పూట కూర్చోండి. అర్జీ కాగితం మీద వస్తుంది. స్కాన్ చేసి ఇ-ఫైలులో పెడతారు. యాభై పేజీల ఫైలు తెర మీద చదవడం కష్టమని సారు కోసం ప్రింట్ తీస్తారు. సారు పెన్నుతో మార్పులు రాస్తారు. వాటిని మళ్లీ టైపు చేసి అప్‌లోడ్ చేస్తారు. ఆర్డరు తయారయ్యాక ప్రింట్ తీసి ఇంకు సంతకం, ముద్ర వేసి, దాన్ని మళ్లీ స్కాన్ చేస్తారు. ఒకే కాగితం మూడుసార్లు పుట్టి మూడుసార్లు చస్తోంది. దీన్ని నేను తప్పు పట్టడం లేదు. పెద్ద ఫైలు చదవడానికి, నాలుగు పేజీలు పక్కపక్కన పరిచి పోల్చడానికి కాగితమే హాయి. సర్వే గొడవల్లో మరీను. టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ నక్షా (ఊరి పటం) బల్ల మీద పరిస్తే ఇద్దరు రైతులు, సర్వేయరు, తహసీల్దారు చుట్టూ నిలబడి వేలు పెట్టి చూపించుకుంటారు. ఫోన్‌లో అదే నక్షా చూపిస్తే ఒకరు చూస్తుంటే మిగతావాళ్లు అనుమానపడుతుంటారు. మీకు కాగితం అవసరమైనప్పుడు ప్రింటర్ వాడుకుంటున్నారు. అర్జీదారుకు అవసరమైనప్పుడే 'పేపర్‌లెస్' గుర్తొస్తుంది.

చట్టం కూడా కాగితాన్ని పూర్తిగా వదల్లేదు. సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చి ఎలక్ట్రానిక్ రికార్డుకు, డిజిటల్ సంతకానికి గుర్తింపు ఇచ్చింది. వీలునామాను మాత్రం ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది. ఈనాటికీ వీలునామా కాగితం మీద, సాక్షుల సంతకాలతోనే ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమం చూడండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే 63వ సెక్షన్ కింద, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే గుర్తుతో) సహా సర్టిఫికెట్ జతచేయాలి. మండలంలో ముద్ర వేసి ఇచ్చిన నకలు తీసుకుని రైతు నేరుగా కోర్టుకు పోగలడు. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ తీసుకుపోతే వకీలు తల పట్టుకుంటాడు.

ఇక అసలు విషయం, భూమి రికార్డు. మన జిల్లాల్లో కంప్యూటర్ అంటే జనానికి మొదట గుర్తొచ్చేది ఇదే. 2017 సెప్టెంబర్‌లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. మేమంతా రాత్రిళ్లు కూర్చుని చేసిన పని అది. ఊరికో గడువు, గడువు ముంచుకొస్తుంటే ఎంట్రీ చేసేవాడికి పేరు అక్షరాలు చూసే తీరిక ఎక్కడిది? 2018 మేలో రైతుబంధుతో పాటు కొత్త పాసుబుక్కులు పంచారు. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ రద్దయింది, అక్టోబర్ 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. గంటలో రిజిస్ట్రేషన్, అప్పటికప్పుడే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు). రికార్డు సరిగ్గా ఉన్నవాళ్లకు అది నిజంగా బాగా పనిచేసింది, కాదనను. రికార్డు తప్పుగా ఎక్కినవాళ్ల గతి వేరు. ఎకరం పది గుంటలు ఎకరం గుంట అయింది. సర్వే నంబరులో బై నంబరు (ఉప నంబరు) ఒకటి ఎగిరిపోయింది. తండ్రి పేరు కొడుకు పేరు చోట, కొడుకు పేరు తండ్రి చోట పడ్డాయి. దిద్దుదామంటే మొదట్లో తెర మీద దానికి మీటే లేదు. తహసీల్దారు ఎదురుగా కూర్చుని, తప్పని ఒప్పుకుని కూడా, "ఆప్షన్ లేదమ్మా" అనేవాడు. తర్వాత ఒక్కొక్కటిగా మాడ్యూళ్లు పెట్టుకుంటూ వచ్చారు.

ఆ తప్పులు దేనితో దిద్దారో చూడండి. ప్రతి సవరణ దరఖాస్తుకూ పాత పహాణీ నకళ్లు అడిగారు. పాత పాసుబుక్కు అడిగారు. పెద్ద తగాదా అయితే 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెళ్లారు. అంటే పాత రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఫసలీ 1364. డెబ్బై ఏళ్ల నాటి కాగితం నిన్నటి కంప్యూటర్‌ను సరిచేసింది. పాత పాసుబుక్కు "ఇక చెల్లదు" అని చెబితే చింపి పారేసినవాళ్లున్నారు. వాళ్ల సవరణలు ఎక్కడివక్కడే ఉన్నాయి. బియ్యం డబ్బాలో దాచినవాళ్లు బయటపడ్డారు. 2025 ఏప్రిల్ 14న ధరణి పోయి భూభారతి వచ్చింది. పేరు మారింది, పోర్టల్ మారింది. రికార్డు రూమ్‌లోని బస్తాలు మాత్రం అక్కడే ఉన్నాయి, మళ్లీ అవే తెరుస్తున్నారు. రేపు ఇంకో పోర్టల్ వచ్చినా తెరవాల్సింది వాటినే.

భూభారతి చట్టంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. తహసీల్దారు ఆర్డరు మీద ఆర్డీవోకు, అక్కడి నుంచి కలెక్టర్‌కు అప్పీలు దారి మళ్లీ తెరిచారు. అప్పీలుకు గడువు ఉంటుంది, అప్పీలుతో పాటు ఆర్డరు కాపీ పెట్టాలి. మరి ఆర్డరు కాపీ చేతికి రాకపోతే? ఈ మధ్య నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఫోన్‌లో 'రిజెక్టెడ్' అని ఇంగ్లిష్‌లో ఒక ముక్క చూపించారు. కారణం అడిగితే "ఆన్‌లైన్‌లో ఉంటది" అన్నారట. ఆన్‌లైన్‌లో చూస్తే 'రిపోర్టు ప్రకారం' అని ఉంది. ఏ రిపోర్టు? ఎవరిది? దాన్ని పట్టుకుని అప్పీలు ఎలా రాయను? కాబట్టి నేను అడిగేవాటిలో అన్నిటికన్నా ముందు పెడుతున్నది ఇది: తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ తెలుగులో, కారణంతో, తేదీతో, సంతకంతో ఒక పేజీ ఆర్డరు దరఖాస్తుదారు చేతికి ఇవ్వండి. చేతికి ఇచ్చినట్టు రిజిస్టర్‌లో వాళ్ల సంతకమో వేలిముద్రో తీసుకోండి. మంజూరైనవాళ్లకు మెసేజ్ చాలు, వాళ్లు మిమ్మల్ని తిట్టుకోరు. కాదన్నవాళ్లకు కాగితం కావాలి.

తర్వాతిది రసీదు. అర్జీ తీసుకున్న చోటే నంబరు, తేదీ, ఏ సెక్షన్, తీసుకున్నవారి పొట్టి సంతకం, అంతే. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. ప్రభుత్వానికి ఇది చేతగాదని కూడా ఎవరూ అనలేరు. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు కదా. కోటీ పాతిక లక్షలకు పైగా వచ్చాయి, అన్నీ కాగితం మీదే. ఆ ఫారం అడుగున రసీదు ముక్క ఉంది. నింపి, ముద్ర వేసి, చింపి చేతికిచ్చారు. ఎన్ని యాప్‌లున్నా, ఊరూరా ప్రతి గడపకూ చేరాలనుకున్నప్పుడు ప్రభుత్వం ఎంచుకున్నది కాగితాన్నే. ఆ రసీదు ముక్కలు ఇప్పటికీ జనం దగ్గర ఉన్నాయి. కొందరు ఏకంగా లామినేషన్ చేయించారు. ఆ పని పది రోజులు చేయగలిగిన యంత్రాంగానికి ఏడాది పొడవునా మామూలు కౌంటర్‌లో చేయడం కష్టమా?

రైతుల సంగతి మీకు వేరే చెప్పాలా! ఎనుమాముల మార్కెట్‌కు మిర్చో పత్తో తెచ్చిన రైతును చూడండి. ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్ ఉంది, తెర మీద బిడ్డింగ్ ఉంది. అయినా తక్‌పట్టీ (అమ్మకం చీటీ) చేతిలో పడేదాకా అతను అక్కడి నుంచి కదలడు. తూకం ఎంత, ధర ఎంత, కోతలు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. డబ్బులు తక్కువ పడితే నిలదీయడానికి అదొక్కటే ఆధారం. మార్కెట్‌లో రైతు నేర్చుకున్న ఈ జాగ్రత్త ప్రభుత్వ ఆఫీసు మెట్లెక్కగానే పనికిరాకుండా పోతోంది.

రసీదు ఇస్తే నాణ్యమైన కాగితం మీద ఇవ్వండి. కరెంటు బిల్లులా నున్నటి చుట్ట కాగితం మీద ఇస్తున్నారు కొన్ని చోట్ల. దాని మీద ఉండేది ఇంకు కాదు, వేడికి నల్లబడే పూత. ఎండలో, చెమట జేబులో, ప్లాస్టిక్ కవర్‌లో కొన్నాళ్లుంటే తెల్లబడిపోతుంది. మే నెలలో ఓరుగల్లు ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. డబ్బు కట్టినట్టు రుజువు చూపించమంటే తెల్ల ముక్క తీసి చూపించిన పెద్దాయనను ఏమనాలి?

జనం దగ్గరుండే కాగితానికి ప్రమాదాలు ఉన్నాయి. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అటు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి తెల్లారేసరికి నీళ్లలో ఉంది. మనుషులు కప్పుల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, పాసుబుక్కులు ఎవరు చూసుకుంటారు? అలాంటప్పుడు కంప్యూటర్‌లో ఉన్న ప్రతే దిక్కు. అందుకే రెండూ కావాలంటున్నాను. పత్రాలను ఆన్‌లైన్‌లో దాచుకునే ప్రభుత్వ డిజిలాకర్‌లో సంస్థ జారీ చేసిన పత్రాన్ని అసలు పత్రంతో సమానంగా చూడాలని కేంద్రం నిబంధనల్లోనే ఉంది. అయినా పిల్లవాడు ఫోన్‌లో పదో తరగతి మెమో చూపిస్తే, "ఒరిజినల్ తే, జిరాక్స్ మీద గెజిటెడ్ సంతకం పెట్టించుకురా" అనే కౌంటర్లు ఇంకా ఉన్నాయి. మీసేవ ధ్రువపత్రం మీద నంబరు ఉంటుంది, దాన్ని వెబ్‌సైట్‌లో కొడితే అసలుదో నకిలీదో నిమిషంలో తేలుతుంది. ఆ నిమిషం ఎవరూ ఖర్చు పెట్టరు. మీ దగ్గరే ఉన్నదాన్ని మళ్లీ మమ్మల్ని తెమ్మనడం ఆపేస్తే మిగిలే కాగితంతోనే రసీదులూ ఆర్డర్లూ ఇవ్వొచ్చు. ఖర్చు గురించి అడిగేవాళ్లకు నా లెక్క ఇదే. కలెక్టరేట్ల చుట్టూ ఉన్న జిరాక్స్ షాపులవాళ్లు నా మీద కోప్పడతారేమో. (అన్నట్టు, కాగితం పనైపోయిందనేవాళ్లు మన కాగజ్‌నగర్ వైపు చూడాలి. 2014లో మూతపడిన సిర్పూర్ పేపర్ మిల్లు 2018లో మళ్లీ తెరుచుకుంది.)

సర్వర్ డౌన్ గురించి ఎక్కువ రాయను. అది అయిన రోజు కౌంటర్‌లో ఒక చేతిరాత రిజిస్టర్ పెట్టి, వచ్చినవాళ్ల పేరు, పని రాసుకుని, తేదీ వేసిన చీటీ ఇచ్చి పంపండి. గడువున్న పనులకు ఆ తేదీయే లెక్కలోకి తీసుకోండి. ఏటూరునాగారం నుంచో గంగారం నుంచో రెండు బస్సులు మారి వచ్చిన మనిషిని "రేపు రా" అని ఉత్త చేతులతో పంపకండి.

చివరగా రికార్డు రూమ్‌లు. ఇది జనానికి కనిపించని విషయం, మీరు పట్టించుకోకపోతే ఎవరూ పట్టించుకోనిది. 2016 అక్టోబర్‌లో ఉమ్మడి వరంగల్‌ను ఐదు జిల్లాలు చేశారు. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఎల్కతుర్తి, భీమదేవరపల్లి, కమలాపూర్ కరీంనగర్ నుంచి ఇటు వచ్చాయి. చేర్యాల ఇటు నుంచి సిద్దిపేటకు పోయింది. ప్రతి విభజనలోనూ బస్తాలు లారీలెక్కాయి. కొన్ని చేరాయి, కొన్ని పాత ఆఫీసులోనే మెట్ల కింద ఉండిపోయాయి. ఎల్కతుర్తి రైతు పాత పహాణీ నకలు అడిగితే కరీంనగర్ పొమ్మనేవాళ్లు, అక్కడివాళ్లు హనుమకొండ పొమ్మనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏ ఊరి ఏ సంవత్సరం రికార్డు ఏ గదిలో ఏ అరలో ఉందో ఒక జాబితా చేసి, ప్రతి తహసీల్ గోడకు అంటించండి. ఈ జాబితా పని కంప్యూటర్‌తోనే చేయాలి, దానికి అది పుట్టిందే. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ కూడా రికార్డులను సూచికలతో సర్ది పెట్టమనే చెబుతోంది, 2005 నుంచి.

స్కానింగ్ జరుగుతోందని విన్నాను. సంతోషం. కానీ స్కాన్ అయిపోయిన కాగితాన్ని తూకానికి వేయకండి. మా ఆఫీసు పద్ధతిలో ఫైలు ముగించేటప్పుడే దాని ఆయుష్షు రాసేవాళ్లం. ఎల్.డిస్ అయితే ఏడాది, కె.డిస్ అయితే మూడేళ్లు, డి.డిస్ అయితే పదేళ్లు, ఆర్.డిస్ అయితే ఎప్పటికీ ఉండాలి. ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఒక మనిషి ఆలోచించి తేల్చేవాడు. ఇ-ఫైలు 'క్లోజ్' నొక్కేటప్పుడు ఆ ఆలోచన ఎవరు చేస్తున్నారు? పైగా స్కానింగ్ కాంట్రాక్టు పేజీల లెక్కన ఉంటుంది. కుర్రవాడు వేగంగా లాగుతాడు. మడత కింద పడ్డ మూల, వెనక పేజీ మీద ఎర్ర సిరాతో రాసిన మార్పు, మార్జిన్‌లో గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) పెట్టిన పొట్టి సంతకం, ఇవే తగాదాలో కీలకం. నలుపు తెలుపు స్కాన్‌లో ముందుగా మాయమయ్యేవీ ఇవే. రంగుల్లో, రెండు వైపులా తీయించండి. తీసిన ప్రతిని కాగితంతో పోల్చి చూసినట్టు ఒక ఉద్యోగి చేత సంతకం పెట్టించండి. కాగితాన్ని మళ్లీ బస్తా కట్టి, చెద మందు వేసి, పై అరలో పెట్టించండి. ఒకప్పుడు కోరుట్లలో చేత్తో చేసిన ముతక కాగితం పట్వారీల (ఊరి భూమి లెక్కలు రాసేవాళ్ల) లెక్కలకు వాడేవారు. చేతి కాగితం మీది పాత లెక్కలు ఎనభయ్యో దశకపు మిల్లు కాగితం కన్నా గట్టిగా ఉండటం నేను కళ్లారా చూశాను. మిల్లు కాగితమే ముట్టుకుంటే పొడి అవుతోంది, స్కానింగ్ వరసలో దాన్ని ముందు పెట్టండి.

ఇంకో తొందర పని ఉంది. నిజాం కాలపు సేత్వార్‌లు (సర్వే నాటి భూమి రిజిస్టర్లు) ఉర్దూలో ఉన్నాయి, అదీ గొలుసుకట్టు రాతలో. వాటిని స్కాన్ చేస్తే బొమ్మ వస్తుంది, అందులో ఏముందో చదివేవాడు ఉండాలి. నేను చేరినప్పుడు ప్రతి తాలూకాలో అలాంటి మనిషి ఒకరైనా ఉండేవారు. ఇప్పుడు నాకు తెలిసిన నలుగురైదుగురు డెబ్బై దాటినవాళ్లు. ఒకరికి చూపు తగ్గింది. ఖిలా వరంగల్ వైపు ఉండే ఒకాయన ఇప్పటికీ రైతులు తెచ్చే నకళ్లు చదివిపెడుతున్నారు, గడ్డం కింద చీటీ పట్టుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి. ఇలాంటివాళ్లను వారానికి రెండు రోజులు గౌరవ వేతనం మీద రికార్డు రూమ్‌కు పిలిపించండి. పక్కన ఇద్దరు కుర్ర ఉద్యోగులను కూర్చోబెట్టి, ఊరి పేరు, సర్వే నంబరు, పట్టాదారు పేరు, విస్తీర్ణం తెలుగులో ఎక్కించండి. ఉర్దూ మూలం పక్కనే తెలుగు ప్రతి ఉండాలి, రెంటి మీదా చదివినవారి సంతకం ఉండాలి. ఈ పనికి వచ్చే ఆర్థిక సంవత్సరం దాకా ఆగకండి. వాళ్లలో ఎవరెవరు రాగలరో నేను కనుక్కుని, ఒప్పించి పంపగలను. పిలుపు మీ ఆఫీసు నుంచి రావాలి. వాళ్లకు మెసేజ్ పంపితే చూడరు, ఉత్తరం రాయండి.

ఇట్లు,
రెవెన్యూ శాఖ విశ్రాంత సీనియర్ అసిస్టెంట్,
హనుమకొండ